దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే పూట

అమెరికాలోని మయామీ రేవులో ఓ ఆదివారం ఎలా గడుస్తుందో చూద్దాం. తెల్లవారుజామున ఐదు, ఆరు గంటల మధ్య పెద్ద క్రూజ్ ఓడ ఒకటి వచ్చి ఒడ్డున ఆగుతుంది. వారం పాటు కరీబియన్ దీవులు చుట్టి వచ్చిన ఐదారు వేల మంది పెట్టెలు సర్దుకుని పదింటికల్లా దిగిపోవాలి. పదకొండయ్యేసరికి అదే ఓడ ఎక్కడానికి మరో ఐదారు వేల మంది వరస కడతారు. ఈ మధ్యలోనే గదులు ఊడ్చి దుప్పట్లు మార్చాలి. వారానికి సరిపడా కూరగాయలు, మాంసం, పాలు, పానీయాలు లారీల్లోంచి ఓడ కడుపులోకి చేరాలి. సాయంత్రం నాలుగైదింటికి ఓడ మళ్లీ బయల్దేరుతుంది. ఒకే కల్యాణమండపంలో పగలు ఒక ముహూర్తం, రాత్రికి ఇంకొకటి పడితే మధ్యాహ్నం ఆ గేటు దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలుసు. మొదటి పెళ్లివారి బస్సు ఇంకా కదలదు. రెండో పెళ్లివారి వంటసామాను లారీ లోపలికి రావాలంటుంది. మనకది పెళ్లిళ్ల రోజుల్లోనే ఎదురయ్యే అవస్థ. క్రూజ్ రేవుకు వారం వారం ఇదే పని.

అందుకే క్రూజ్ రేవులో రోడ్ల లెక్క మామూలు రోడ్ల లెక్క కాదు. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు మయామీ రేవు 82 లక్షలకు పైగా క్రూజ్ ప్రయాణికులను చూసింది. రేవుల పద్ధతిలో ఒకే మనిషిని ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి లెక్కపెడతారు. రేవుకున్న రోడ్డు కూడా ఆ మనిషిని రెండుసార్లు మోయాలి కాబట్టి మన విషయానికి అదే సరైన లెక్క. ఆ 82 లక్షలను 365 రోజులకు పంచితే రోజుకు ఇరవై రెండు వేల చిల్లర వస్తుంది. లక్షల కార్లు తిరిగే నగరానికి ఇదేమంత భారం కాదనిపిస్తుంది. కానీ ఓడలు రోజూ సమానంగా రావు. శని, ఆదివారాల్లో గుంపుగా వస్తాయి. 2023 ఏప్రిల్‌లో ఒక్కరోజే 67 వేల మందికి పైగా ఆ రేవు దాటారు. వాళ్లలో ఎక్కువ మంది ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు లోపలే దాటి ఉంటారు. సగటు చూసి రోడ్డు వేసినవాడు ఆ రోజు రోడ్డు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది, తాను లెక్క వేసింది వేరే రేవుకని.

మయామీ రేవు ఊళ్లో లేదు. ఊరికి ఎదురుగా, బిస్కేన్ అఖాతంలో డాడ్జ్ ఐలాండ్ అనే దీవి మీద ఉంది. పాత రేవు నగరం ఒడ్డునే ఉండేది. అక్కడ చోటు చాలక 1960లలో దీవికి మార్చారు. ఉత్తరపు అంచున క్రూజ్ ఓడలు ఆగుతాయి. దక్షిణం వైపు కంటైనర్ల ఓడలు, వాటి క్రేన్లు. మధ్యలో రెంటికీ కలిపి సన్నటి నేల. ఆ దీవి నుంచి బయటపడటానికి దశాబ్దాల పాటు ఒకటే దారి, పోర్ట్ బులెవార్డ్ వంతెన. మొదట్లో అది పడవలు వచ్చినప్పుడల్లా రెక్కలెత్తే వంతెన. 1990ల తొలినాళ్లలో దాని బదులు ఎత్తయిన స్థిర వంతెన కట్టారు. దాంతో పడవల కోసం ఆగే బాధ తప్పింది.

అసలు తంటా వంతెన దిగాక మొదలయ్యేది. దిగగానే నగరం నడిబొడ్డు. ఒక పక్క బాస్కెట్‌బాల్ స్టేడియం, ఇంకో పక్క బేసైడ్ అనే పెద్ద బజారు, ఎదురుగా బిస్కేన్ బులెవార్డ్, ప్రతి మూలా సిగ్నల్. సొరంగం రాకముందు పనిరోజుల్లో ఈ దారిన రోజుకు దాదాపు 16,000 బండ్లు తిరిగేవి. అందులో నాలుగో వంతుకు పైగా లారీలే. కంటైనర్ ఎక్కించుకున్న ట్రెయిలర్ నగరపు కూడలిలో మలుపు తిరగాలంటే రెండు వరసలు కావాలి. సిగ్నల్ పచ్చబడ్డాక అది కదిలి వేగం అందుకునేలోపు వెనకున్న కార్లకు మళ్లీ ఎర్ర దీపం పడుతుంది. కాబట్టి 16,000 అన్న అంకె చూసి తేలిగ్గా తీసుకోకూడదు. వాటిలో ఏ రకం బండ్లు ఎన్ని, ఏ గంటలో ఎన్ని అన్నదే ముఖ్యం.

లారీలను ఊళ్లోకి రానివ్వకుండా నేరుగా హైవే ఎక్కించాలన్న ఆలోచన 1980ల నుంచే ఉంది. దీవికి ఉత్తరాన కాలువకు అవతలి ఒడ్డున వాట్సన్ ఐలాండ్ ఉంది. దాని మీదుగా మెకార్థర్ కాజ్‌వే అనే రోడ్డు పోతుంది. అది నగరాన్ని మయామీ బీచ్‌తో కలుపుతుంది, నగరం వైపు నేరుగా అంతర్రాష్ట్ర రహదారిలో కలుస్తుంది. అంటే కాలువ ఒక్కటి దాటితే లారీకి హైవే దొరికినట్టే. మరి వంతెన కట్టొచ్చు కదా?

కట్టలేరు. ఎందుకంటే ఆ కాలువే క్రూజ్ ఓడల రాజమార్గం. ఇప్పటి పెద్ద ఓడలు ఇరవై అంతస్తుల మేడంత ఉంటాయి. 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు 365 మీటర్లు, నీటిపైన ఎత్తు దాదాపు 60 మీటర్లు. అంత ఓడ కింద నుంచి పోవాలంటే వంతెన డెబ్బై మీటర్లన్నా లేవాలి. బరువు లాగే లారీ ఎక్కగలిగేంత వాలుతో ఆ ఎత్తుకు చేరాలంటే రోడ్డు ఒక్కో వైపు కిలోమీటరుకు పైగా సాగాలి. దీవి మీద అంత చోటు లేదు. ఉన్నా అదంతా ఓడల ఒడ్డు, అద్దె తెచ్చే నేల. పోనీ రెక్కలెత్తే వంతెన కడదామంటే, అది సరిగ్గా ఓడలు వచ్చే తెల్లవారుజామునా, వెళ్లే సాయంత్రమూ తెరుచుకోవాలి. బండ్లు ఎక్కువ తిరిగే రోజునే దారి మూతపడుతుంది. ఇక మిగిలింది నీటి అడుగున సొరంగం.

ఆ సొరంగం 2014 ఆగస్టు 3న తెరిచారు. పక్కపక్కనే రెండు గొట్టాలు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒక్కో దాంట్లో రెండేసి వరసలు. పొడవు 4,200 అడుగులు, అంటే కిలోమీటరుంపావు. అతి లోతైన చోట నీటి మట్టానికి 120 అడుగుల కింద ఉంటుంది. తవ్విన యంత్రం జర్మనీలో తయారైంది. దాని ముఖం దాదాపు పదమూడు మీటర్ల వెడల్పు, నాలుగంతస్తుల ఇల్లంత. ఆడపిల్లల స్కౌట్ దళం దానికి హ్యారియట్ అని పేరు పెట్టింది. బానిసలను రహస్య మార్గాల్లో తప్పించి స్వేచ్ఛా రాష్ట్రాలకు చేర్చిన హ్యారియట్ టబ్‌మన్ పేరది. ఆ రహస్య మార్గాలను ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అనేవారు. భూమిని తొలిచే యంత్రానికి ఇంతకంటే తగిన పేరు ఏ కమిటీ కూర్చున్నా తోచేది కాదు.

2011 నవంబరులో వాట్సన్ ఐలాండ్ వైపు మొదలైన హ్యారియట్ 2012 జులై చివరికి డాడ్జ్ ఐలాండ్‌లో తేలింది. అక్కడ దాన్ని వెనక్కి తిప్పి రెండో గొట్టం తవ్వించారు. 2013 మేలో బయల్దేరిన చోటికి చేరింది. ఇంత వేగంగా సాగింది కాబట్టి పని తేలికనుకోకూడదు. ఫ్లోరిడా నేల కింద ఉన్నది పగడపు సున్నపురాయి. నిండా రంధ్రాలు, ఆ రంధ్రాల నిండా నీళ్లు. యంత్రం ముందు నేలను గట్టిపరచడానికి సిమెంటు పాలు లోపలికి ఎక్కించాల్సి వచ్చింది. రెండు గొట్టాలను కలిపే అడ్డదారులు తవ్వేటప్పుడు కొన్నిచోట్ల నేలను గడ్డకట్టించి, ఆ గట్టితనం మీద తవ్వారు.

తెరిచిన ఈ దారికి టోల్ లేదు. మన దగ్గర కొత్త రోడ్డు అనగానే టోల్ గేటు గుర్తొస్తుంది కాబట్టి ఈ విషయం కాస్త విడమరిచి చెప్పాలి. సొరంగం కట్టినా పాత వంతెన అలాగే ఉంది, దాని మీద ప్రయాణం ఉచితం. సొరంగానికి టోల్ పెడితే లారీ యజమాని ఏం చేస్తాడు? డబ్బు మిగుల్చుకోవడానికి మళ్లీ ఊళ్లోంచే పోతాడు. నగరపు వీధుల్లోంచి లారీలను తప్పించడానికి వంద కోట్ల డాలర్లు పెట్టి, ఆ లారీలను మళ్లీ వీధుల్లోకే తోలినట్టవుతుంది. టోల్ వద్దనుకోవడం ఇక్కడ ఉదారత కాదు, ఆ సొరంగం పనిచేయడానికి అవసరమైన షరతు.

మరి కట్టినవాళ్లకు డబ్బు ఎలా? మొత్తం ఖర్చు సుమారు 100 కోట్ల డాలర్లు. అందులో సగం ఫ్లోరిడా రాష్ట్రం పెట్టుకుంది. మిగతా సగం మయామీ-డేడ్ కౌంటీ, మయామీ నగరం పంచుకున్నాయి. నిర్మాణం, నడపడం ఒక ప్రైవేటు కూటమికి అప్పగించారు. మొదట కూటమిలో పెట్టుబడి పెట్టాల్సిన ఆస్ట్రేలియా సంస్థ బాబ్‌కాక్ అండ్ బ్రౌన్ 2008 ఆర్థిక సంక్షోభంలో కూలిపోయింది. దాని చోటులోకి మెరిడియమ్ అనే సంస్థ వచ్చింది. తవ్వింది ఫ్రాన్సుకు చెందిన బుయిగ్. 2009 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. దాని కీలకం ఇది: సొరంగంలోంచి ఎన్ని బండ్లు పోయాయన్న లెక్కతో కూటమికి సంబంధం లేదు. దారి తెరిచి ఉందా, దీపాలు వెలుగుతున్నాయా, గాలి ఆడుతోందా, ప్రమాదం జరిగితే ఎంతసేపట్లో తొలగించారు అన్నదాన్ని బట్టి ఏటా చెల్లింపు. 2009 నాటి ధరల్లో గరిష్ఠంగా ఏడాదికి 3.2 కోట్ల డాలర్ల పైచిలుకు. ఒక వరస మూసేస్తే కోత. 2044లో సొరంగం ప్రభుత్వం చేతికి వస్తుంది.

ఇలాంటి ఒప్పందంలో ఒక ఇబ్బంది ఉంది. బండ్లు రాకపోయినా ప్రభుత్వం కట్టాల్సిందే. కానీ టోల్ ఒప్పందాల్లో మనం చూసిన కొన్ని తిప్పలు ఇందులో ఉండవు. బండ్ల సంఖ్యను అతిగా ఊహించి వేలం పాడటం, తర్వాత చేతులెత్తేయడం, పక్క రోడ్డు బాగు చేస్తే మాకు నష్టమని కోర్టుకెక్కడం. ప్రజలకు కావాల్సింది ‘పనిచేసే దారి’ అయినప్పుడు, డబ్బు కూడా దారి పనిచేసినందుకే ఇవ్వడం నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

సొరంగం వచ్చాక పాత వంతెన అక్కర్లేకుండా పోలేదు. పెట్రోలు, గ్యాసు, మంటలంటుకునే రసాయనాలు మోసే బండ్లను సొరంగంలోకి రానివ్వరు. మూసిన గొట్టంలో మంట లేస్తే పొగ త్వరగా పోదు, మనుషులు పారిపోవడానికి నిమిషాలే ఉంటాయి. ఆ బండ్లకు ఇప్పటికీ వంతెనే దిక్కు. తుఫాను వస్తోందంటే సొరంగం నోళ్లకు టన్నుల బరువున్న ఉక్కు తలుపులు దించి మూసేస్తారు. అప్పుడూ వంతెనే. ఒక దీవికి రెండు దారులుంటే దూరం తగ్గుతుందన్నది చిన్న లాభం. ఒకటి మూతబడిన రోజు రెండోది ఉండటం అసలు లాభం.

ఇక్కడివరకు కథ విజయగాథలాగే ఉంది. లారీల్లో ఎక్కువ భాగం నగరపు వీధులు వదిలి సొరంగం పట్టాయి, అందులో అనుమానం లేదు. కానీ ఒకచోట బిగుతు వదులైతే రద్దీ వెళ్లి దాని తర్వాతి బిగుతు దగ్గర నిలబడుతుంది. సొరంగం నోరు కాజ్‌వే మధ్యలో ఉంది. అదే కాజ్‌వే మయామీ బీచ్‌కు పోయే ముఖ్యమైన దారి. శని, ఆదివారాల్లో ఓడలు వస్తాయన్నాను. శని, ఆదివారాల్లోనే జనం బీచ్‌కు పోతారు. రెండు గుంపులూ ఒకే రోడ్డెక్కుతాయి. ఊరికి కొత్తవాళ్లు సొరంగం వరస పట్టుకోవడం మరిచి, తేరుకునేసరికి బీచ్ దారిలో ఉంటారు. ఇంకా వెనక్కి పోతే కాజ్‌వేను హైవేతో కలిపే రహదారి మీద 2019 నుంచి పెద్ద పునర్నిర్మాణం నడుస్తోంది. ఆరు తోరణాల వంతెన అందులో భాగం. గడువులు దాటుతూ వస్తోంది. సొరంగం ఎంత బాగున్నా దాని ముందున్న రోడ్డు సన్నబడితే ప్రయాణికుడికి తేడా తెలియదు.

ఇక రెండో బిగుతు టెర్మినల్ గుమ్మం. క్రూజ్ రేవుల్లో చాలా రద్దీకి పుట్టినిల్లు ఇదే. కానీ పత్రికల్లో దీని ఫొటో పడదు, రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రారు. గుమ్మం ముందు బండ్లు ఆగి మనుషులను దించే అంచు ఎంత పొడవుండాలో మనమే ఒక లెక్క వేద్దాం. ఇది ఊహా లెక్క, కానీ ఏ రేవుకైనా దారి ఇదే. ఒక ఓడకు వచ్చే జనంలో రద్దీ గంటలో వెయ్యి బండ్లు గుమ్మం ముందుకు వస్తాయనుకుందాం. ఒక్కో బండికి ఏడు మీటర్ల చోటు కావాలి. బండి ఆగి, డిక్కీ తెరిచి, పెట్టెలు దించి, వీడ్కోలు చెప్పుకుని కదలడానికి మూడు నిమిషాలు పట్టిందనుకుందాం. అప్పుడు ఒక చోటు గంటకు ఇరవై బండ్లకు సరిపోతుంది. వెయ్యి బండ్లకు యాభై చోట్లు. మొత్తం 350 మీటర్ల అంచు, అంటే దాదాపు ఓడంత పొడవు.

ఇప్పుడు ఆ మూడు నిమిషాలు ఐదయ్యాయనుకోండి. ఒక చోటు గంటకు పన్నెండు బండ్లకే సరిపోతుంది. వెయ్యి బండ్లకు 83 చోట్లు, 580 మీటర్ల పైచిలుకు. అంచు పొడవు మాత్రం 350 మీటర్లే. మిగిలిన బండ్లు ఎక్కడ నిలబడతాయి? వెనక రోడ్డు మీద. అక్కడి నుంచి మలుపులో, మలుపు నుంచి సొరంగం నోటి దాకా. ఓ కుటుంబం నాన్నగారి మందుల సంచి ఏ పెట్టెలో ఉందో వెతుక్కోవడానికి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే, ఆ ఆలస్యం వెయ్యిసార్లు జరిగితే, కోట్ల డాలర్ల సొరంగం పార్కింగ్ స్థలమైపోతుంది. పైగా పై లెక్కలో బండ్లు సమాన వ్యవధిలో వస్తాయనుకున్నాం. నిజానికి అవి గుంపులుగా వస్తాయి. కాబట్టి లెక్క చెప్పినదానికంటే ఎక్కువ చోటే ఉంచుకోవాలి.

అందుకని తెలివైన రేవులు ఖర్చు పెట్టేది ఆ నిమిషాల మీద. పెట్టెలు తీసుకునే కూలీలను గుమ్మం ముందే వరసగా నిలబెడతారు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన కుటుంబాలను అంచు మీద ఆగనివ్వకుండా పార్కింగ్ మేడలోకి మళ్లిస్తారు. ఆ మేడకూ టెర్మినల్‌కూ మధ్య నడక వంతెన కట్టి, పెట్టెలు లాక్కుంటూ రోడ్డు దాటే జనానికీ బండ్లకూ తగువు లేకుండా చేస్తారు. దించే బండ్లకు ఒక దారి, దిగినవాళ్లను ఎక్కించుకునే బండ్లకు వేరే దారి ఇస్తారు. అద్దె కార్లవాళ్లను, యాప్ ట్యాక్సీలను దూరంగా ఒక మైదానంలో ఆపి, ప్రయాణికుడు బయటికి వచ్చాకే పిలుస్తారు. ఓడకు సరుకు తెచ్చే లారీలకు గేటు వేరు, వాటికి చెప్పిన సమయం వేరు. సూచిక బోర్డుల విషయంలోనూ ఒక కిటుకు ఉంది. ప్రయాణికుడికి తన ఓడ పేరు తెలుసు గానీ టెర్మినల్ అక్షరం గుర్తుండదు. మయామీలో టెర్మినళ్లకు ఏ, బీ, సీ అని అక్షరాలే పేర్లు. ఏ ఓడ ఈ రోజు ఏ అక్షరం దగ్గర ఉందో చెప్పే బోర్డు లేకపోతే డ్రైవరు ప్రతి మలుపులో వేగం తగ్గించి తలెత్తి చూస్తాడు. ఒక బండి తగ్గితే వెనక యాభై తగ్గుతాయి.

గుమ్మం లోపలి పని వేగమైతే బయటి పని తేలికవుతుందనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. అమెరికా సరిహద్దు అధికారులు దిగేవాళ్ల ముఖాన్ని కెమెరాతో పాస్‌పోర్టు ఫొటోకు సరిచూసే పద్ధతి తెచ్చారు. కాగితాలు తిరగేసే అవసరం చాలావరకు పోయి వరసలు చకచకా కదిలాయి. లోపల మూడు గంటలపాటు నెమ్మదిగా బయటికి జారుతూ వచ్చిన జనం ఇప్పుడు గంటన్నరలో బయటపడితే, వాళ్ల కోసం రావాల్సిన బండ్లు కూడా గంటన్నరలోనే రావాలి. లోపలి వరస తగ్గిన మేరకు బయటి వరస పెరుగుతుంది. కొత్త టెర్మినల్ గీసేవాళ్లు లోపలి హాలునూ బయటి రోడ్డునూ ఒకే కాగితం మీద గీయాల్సింది ఇందుకే. చాలాచోట్ల ఆ రెండూ వేర్వేరు శాఖల బల్లల మీద ఉంటాయి.

2025 ఏప్రిల్‌లో మయామీలో ఎంఎస్‌సీ అనే క్రూజ్ సంస్థ తెరిచిన టెర్మినల్ ఒకేసారి మూడు ఓడలను పెట్టుకోగలదు. రోజుకు 36,000 మంది వరకు దాటించగలదని చెప్పారు. ఒక టెర్మినల్‌కే ఆ సంఖ్య అంటే పైన వేసుకున్న మన లెక్కను కొన్ని రెట్లు పెంచుకోవాలి. దానికి పెద్ద పార్కింగ్ మేడను కూడా కలిపి కట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత కాంక్రీటు పోసే ముందు చేయగలిగిన చౌక పని ఒకటుంది. జనాన్ని గంటల వారీగా రమ్మనడం. ఓడ సంస్థలు ఇప్పుడు యాప్‌లో ఒక్కొక్కరికీ చేరవలసిన సమయం ఇస్తాయి. పదకొండుకు కొందరు, పన్నెండున్నరకు కొందరు, రెండింటికి కొందరు. ఇది పాటిస్తే ఒక గంట శిఖరం మూడు గంటల దిబ్బగా సాఫవుతుంది. పాటించరు. ముందెక్కితే మధ్యాహ్నం భోజనం ఓడ మీదే, ఈతకొలను పక్కన మంచి కుర్చీ దొరుకుతుంది. విమానం పొద్దున్నే దిగినవాళ్లకు వేరే ఎక్కడా వేచి ఉండే చోటుండదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లను చూడండి, రైలుకు రెండు గంటల ముందు స్టేషన్లో ఉండే అలవాటు క్రూజ్ దగ్గర ఎందుకు పోతుంది? సమయం కంటే ముందు వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర ఆపేస్తే ఆ ఆపేసిన బండే రద్దీ. కాబట్టి సమయం ఇచ్చిన రేవు, ముందొచ్చినవాళ్లు కూర్చోవడానికి నీడ, మరుగుదొడ్డి ఉన్న చోటు కూడా ఇవ్వాలి. లేకపోతే ఆ నియమం కాగితం మీదే ఉంటుంది.

సరుకు వైపు ఇంకో పని జరిగింది. దీవి మీదికి వెళ్లే, పాడుబడిన రైలు పట్టాలను 2010లలో బాగుచేసి కంటైనర్లను రైలెక్కించడం మళ్లీ మొదలుపెట్టారు. రైలెక్కిన ప్రతి కంటైనరూ రోడ్డు మీద ఒక లారీ తక్కువ. మనుషుల విషయంలో మాత్రం దీవికి రైలు లేదు. బ్రైట్‌లైన్ రైలు దిగే స్టేషన్ నగరంలో, రేవుకు కొద్ది దూరంలోనే ఉంది. కానీ చివరి దూరానికి మళ్లీ బండి కావాలి. పెట్టెలతో వచ్చిన కుటుంబానికి ఆ చివరి రెండు కిలోమీటర్లే ప్రయాణమంతటినీ నిర్ణయిస్తాయి. అక్కడ దారి లేకపోతే మొదటి నుంచీ కారే తీస్తారు.

మన విశాఖపట్నం సంగతికి వద్దాం. ఔటర్ హార్బర్‌లో సుమారు రూ.96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. దాదాపు రెండు వేల మంది ప్రయాణికులున్న ఓడను దృష్టిలో పెట్టుకుని కట్టినది. అంతకు ముందే 2022 జూన్‌లో కార్డేలియా ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చినప్పుడు ఊళ్లో ఎంత సంబరమో గుర్తుండే ఉంటుంది. మయామీ లెక్కలను ఇక్కడికి యథాతథంగా తెచ్చి పెట్టకూడదు. ఎందుకంటే రేవుల్లో రెండు రకాలున్నాయి. ప్రయాణం మొదలై ముగిసే రేవు ఒకటి, దారిలో ఒక పూట ఆగి పోయే రేవు ఇంకొకటి. మొదటిదానికి కార్లు, పెట్టెలు, పార్కింగ్ కావాలి. రెండోదానికి బస్సులు. విదేశీ ఓడ ఒకటి పొద్దున ఆగితే, అందులోవాళ్లు సింహాచలమో తొట్లకొండో చూసి సాయంత్రానికి తిరిగొస్తారు. వాళ్ల దగ్గర పెట్టెలుండవు. వెయ్యి మందికి నలభై మంది పట్టే బస్సులు పాతిక చాలు. కానీ ఆ పాతికా ఒకేసారి బయల్దేరి, ఒకేసారి తిరిగి రావాలి. ఆలస్యమైతే ఓడ ఆగదు. విశాఖ ఇప్పటికి ఎక్కువగా ఈ రెండో రకం. మనవాళ్లు ఇక్కడే ఓడెక్కడం పెరిగే కొద్దీ మొదటి రకం అవసరాలు కూడా వచ్చి చేరతాయి. రెండు రకాలకూ ఒకే ముందరి ఆవరణ సరిపెట్టాలంటే దాన్ని ముందే అలా గీసుకోవాలి.

విశాఖ రేవు అసలు బతుకు బొగ్గు, ఖనిజం, ఎరువులు, కంటైనర్లు. ఆ లారీల కోసం కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ వరకు పోర్టు కనెక్టివిటీ రోడ్డు వేశారు. లారీలకు వేరే దారి ఇవ్వడమన్న ఆలోచన మయామీ సొరంగానికి ముందే విశాఖలో రోడ్డు రూపంలో ఉందన్నమాట. చిక్కు ఆ రోడ్డు కొసల్లో, ఊరి బండ్లూ రేవు బండ్లూ కలిసేచోట. ఓడ వచ్చే రోజులు నెలల ముందే తెలుస్తాయి. ఆ పూట నాలుగు గంటలు బొగ్గు లారీలను ఆ కొస దగ్గర ఆపి, బస్సులకు దారివ్వడానికి కొత్త వంతెన అక్కర్లేదు. రేవు, పోలీసు, లారీ సంఘాలు ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక కాలపట్టిక రాసుకోవాలి.

దీని పక్కనే ఇంకో లెక్క వేసుకోవాలి. ఇప్పటి విశాఖ విమానాశ్రయం షీలానగర్ పక్కనే, రేవు రోడ్డు కొసకు దగ్గర్లో ఉంది. విమానంలో దిగి ఓడెక్కేవాళ్లకు ఇది గొప్ప సౌకర్యం. ప్రయాణికుల విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే రేవుకూ విమానాశ్రయానికీ మధ్య దూరం నలభై కిలోమీటర్లు దాటుతుంది, దారి నగరం పొడవునా సాగుతుంది. హైదరాబాద్ నుంచి పొద్దున విమానంలో వచ్చి మధ్యాహ్నం ఓడెక్కే కుటుంబానికి అప్పుడు మధురవాడ, హనుమంతవాక కూడళ్ల రద్దీ కూడా ఓడ సమయంలో భాగమే. ఎక్కే గడువు ఎన్నింటికి పెట్టాలో టికెట్లు అమ్మే సంస్థ తేల్చుకోవాలి. భోగాపురం నుంచి టెర్మినల్ గుమ్మానికి ఓడ రోజున నేరుగా బస్సు నడుపుతారా, పెట్టెలను విమానాశ్రయంలోనే తీసుకుని వేరే బండిలో ఓడకు చేరుస్తారా అన్నది రేవు, పర్యాటక శాఖ కలిసి తేల్చాలి. రెండో పద్ధతి ఫ్లోరిడాలో కొన్ని ఓడ సంస్థలు రకరకాలుగా అమలుచేసి చూసినదే. ప్రయాణికుడు ఖాళీ చేతులతో వస్తే గుమ్మం ముందు ఐదు నిమిషాలు కాస్తా ఒకటవుతుంది.